అమ్మ కొంగుముడి, నా దొంగ దగ్గు

నా చిన్నప్పుడు, ఉప్పెన వచ్చి వెళ్లిన ఏడాది, మా అమ్మ నన్ను తన చీరకొంగుకు కట్టేసుకుని తిరిగేది. మాటవరసకు చెప్పడం లేదు. కొంగు చివర నా మణికట్టుకు చుట్టి నిజంగానే ముడి వేసేది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. దూడకు పలుపు వేసినట్టుందని తోటిపిల్లలు నవ్వుతుంటే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. బడి మొహం చూసి నెలలైంది.

దివిసీమలో సముద్రపు ఒడ్డున చేపలు పట్టుకుని బతికే ఊరు మాది. నీళ్లు ఊరిమీదికొచ్చిన రోజు అమ్మ మా ఇద్దరినీ పొదివిపట్టుకుని తాటిచెట్టును కరుచుకుంది. నేను మిగిలాను. రెండేళ్ల తమ్ముడు చెయ్యిజారిపోయాడు. ఆ రోజు నుంచి అమ్మకు నిద్ర లేదు. తాటాకు గలగలమంటే చాలు, నన్ను లాక్కుని గుడిసె మూల నక్కేది. దయ్యం పట్టిందనడానికి మావైపు ‘గాలి సోకింది’ అంటారు. ఊరివాళ్లు అమ్మను అదే అన్నారు. నాన్న ఓ భూతవైద్యుణ్ని తీసుకొచ్చి వేపమండలతో కొట్టించాడు. దాంతో మా ఇంట్లో ఓ కోడి పోయిందిగానీ గాలి పోలేదు.

మా ఊరికి రెండు మైళ్ల దూరంలో ఓ బడిలో ఆసుపత్రి పెట్టారు. నాన్న బతిమాలి ఒకసారి తీసుకెళ్లాడు. కుర్ర డాక్టరుగారు అమ్మ గుండెమీద గొట్టం పెట్టి, “గట్టిగా గాలి పీల్చమ్మా” అన్నారు. పాపం, ఆయన చెప్పింది ఊపిరి సంగతి. అమ్మకు గాలి అన్న మాటొక్కటే వినపడింది. నన్ను బల్లకిందికి ఈడ్చి, బల్లకోడును రెండు చేతులా కరుచుకుంది. వరసలో ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. నాకు వాళ్లమీద ఇప్పటికీ కోపమే.

ఆపైన అమ్మ ఆ గడప తొక్కనంది. “నాకేం రోగం? ఒంటిమీద గీత కూడా లేదు. కాళ్లూ చేతులూ విరిగినోళ్లని చూసుకోమను” అనేది.

ఆ రోజు అక్కడ నవ్వనిది ఒక్కరే, బందరు నుంచి వచ్చిన నర్సమ్మగారు, సాయిబుల ఆవిడ. వారం తిరక్కుండా బురదలో నడుచుకుంటూ మా ఇంటికొచ్చింది. అమ్మను వదినా అని పిలిచి మంచినీళ్లు అడిగి తాగింది. ఆసుపత్రి ఊసే ఎత్తలేదు. నా చేతికున్న ముడివంక కాసేపు చూసి, నా వీపుకు చెవి ఆనించింది.

“పిల్లకి దగ్గుంది వదినా. గురువారం గురువారం మందుకి పంపించు. నువ్వు రానక్కర్లేదులే.”

నాకు దగ్గూ లేదు, జలుబూ లేదు. ఆ మాట చెబుదామని నోరు తెరిస్తే ఆవిడ కన్నుగీటింది. కట్టుగొయ్యకు కట్టినట్టు పడి ఉన్నదాన్ని, నాకు అంతకన్నా ఏం కావాలి? దగ్గాను. ఎంత బాగా దగ్గానంటే నాకే భయమేసింది.

పిల్ల కదిలితే తల్లీ కదలాలి, ముడి అలాంటిది. అమ్మను ఇంటికి కట్టిపడేసిన కొంగే ఆమెను ఆసుపత్రికి నడిపించింది.

నాకు చెంచాడు ఎర్రమందు పోసేవారు. అది వట్టి పంచదార పాకమేనని నా అనుమానం. నేను చెంచా నాకుతుంటే నర్సమ్మగారు అమ్మను చాపమీద, ఒంటిమీద గీత లేని మరికొందరు ఆడవాళ్ల పక్కన కూర్చోబెట్టేది. మొదట్లో అమ్మ వాళ్ల కష్టాలు వింటూ కూర్చుంది. నాలుగో గురువారం తమ్ముడి పేరు పైకి అంది. ఉప్పెన తరవాత ఆ పేరు వినడం అదే మొదలు. అందరూ ఏడ్చారు, నేనూ ఏడ్చాను. నర్సమ్మగారు మందలించిందో ఏమో, డాక్టరుగారు ఊపిరి అనడం నేర్చుకున్నారు. నిద్రకు మాత్రలిచ్చారు. అమ్మ నిద్రపోయింది. నెల తిరిగేసరికి ముడి మణికట్టు నుంచి నా చిటికెన వేలికి వచ్చింది.

వానాకాలంలో ఓ గురువారం పొద్దున్నే మబ్బు కమ్మి ఈదురుగాలి లేచింది. ఇవాళ వద్దులే అన్నాడు నాన్న. అమ్మ ఒకసారి గుడిసె మూలవైపు చూసింది. అయినా లేచింది. దారంతా తాటాకులు కొట్టుకుంటుంటే నా వేలు నొప్పెట్టేలా పట్టుకుని నడిచింది. చీటీ రాసే ఆయన అలవాటుగా నా పేరు రాయబోయాడు.

“దానికి దగ్గూ లేదు, గిగ్గూ లేదు. చీటీ నా పేరున రాయండి. గాలంటే భయమని రాయండి” అంది అమ్మ.

నర్సమ్మగారు నోరు తెరిచి, “ఎప్పుడు కనిపెట్టావు వదినా?” అంది.

“మొదటి రోజే. నా కూతురి దగ్గు నాకు తెలీదా?”

అలా అంటూనే నా వేలికున్న ముడి విప్పి కొంగు నడుముకు దోపుకుంది. లోపల డాక్టరుగారు తొందరలో మళ్లీ పాతమాటే అనేశారు. నేను బల్లకిందికి చూశాను. అమ్మ గుండెల నిండా గాలి పీల్చింది.

తిరుగుదారిలో ఆ ఈదురుగాలిలో నేను ముందు పరిగెత్తాను. అమ్మ వెనక నింపాదిగా నడిచొచ్చింది. మర్నాడు బడికెళ్లాను. ఆ పై గురువారం మా వాడలో ‘నాకేం రోగం’ అనే ఆడవాళ్లు ముగ్గురు అమ్మ వెంట నడిచారు. ఒకప్పుడు బల్లకింద దూరిన మా అమ్మ అందరికన్నా ముందు నడుస్తుంటే, నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు.

ఇప్పుడు నాకు మనవలున్నారు. ఇంట్లో ఎవరైనా నాలుగు రోజులు నిద్రలేక, ఏమైందంటే ‘నాకేం రోగం’ అన్నారనుకోండి, నేను దగ్గడం మొదలుపెడతాను, డాక్టరు దగ్గరికి తోడు రమ్మంటాను. నా దగ్గు సంగతి మావాళ్లందరికీ తెలుసు. తెలిసే వస్తారు.