బజ్జీల పొట్లంలో మా పిన్ని కార్డు

మా పిన్నికి తెలియని నంబర్ల నుంచి ఫోన్లు మొదలైనప్పుడు, అందరికంటే ముందు ఆమెను అనుమానించింది నేనే. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

పిన్ని మా అమ్మకు చెల్లెలు. బాబాయి పోయాక మా పక్క వాటాలోనే ఉంటోంది. మా వీధి ఆడవాళ్లతో కలిసి ఆటోలో గుంటూరు వైపు ఒక కోల్డ్ స్టోరేజీకి వెళ్లి, మిరపకాయలకు తొడిమలు తీసేది. సాయంత్రం ఇంటికొచ్చాక ఎంత కడుక్కున్నా చేతులు మండుతూనే ఉండేవి.

ఆ ఏడు అక్కడ నాలుగు మిరప బస్తాలు పోయాయి. మరుసటి రోజే మేనేజరు గేటు దగ్గర నిలబడి, ఆధార్ జిరాక్స్ ఇస్తేనే లోపలికి రానిస్తానన్నాడు. సెక్యూరిటీ కోసమట. కాగితం కింద ఫోన్ నంబరు రాయాలి, వెనక వేలిముద్ర వెయ్యాలి. లారీల వాళ్లనీ సూపర్‌వైజర్లనీ ఎవరూ అడగలేదు. రోజు కూలికొచ్చే ఆడవాళ్లనే అడిగారు. ఇవ్వకపోతే ఆ రోజు పని పోతుంది కాబట్టి అందరూ ఇచ్చేశారు. దొంగ మాత్రం దొరకలేదు.

కొన్ని నెలలకు ఫోన్లు మొదలయ్యాయి. ఎవడో పిన్నిని పేరు పెట్టి పిలిచేవాడు. "ఫొటోలో బాగున్నావు" అనేవాడు. ఆ నంబరు బ్లాక్ చేస్తే ఇంకో నంబరు నుంచి చేసేవాడు. అమ్మ ముఖం మాడ్చుకుని తిరిగేది. నేను నేరుగా అడిగేశాను.

"నువ్వు ఇవ్వకుండా నీ నంబరు వాడికెలా వెళ్లింది పిన్నీ?"

ఆమె నా వంక చూసి, లోపలికెళ్లి తలుపేసుకుంది. రెండు రోజులు మా ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టలేదు.

ఆ వారంలోనే, స్కూల్లో పాఠాలు చెప్పి వస్తూ దారిలో బండి దగ్గర మిరపకాయ బజ్జీలు కొన్నాను. తినేసి కాగితం పారెయ్యబోతుంటే, నూనె మరకల్లోంచి ఒక ముఖం కనిపించింది. పిన్నితో పనికెళ్లే మా వీధి చివరింటామె. పక్కన కార్డు నంబరు, ఊరు, ఇంటి నంబరు, కింద ఫోన్ నంబరు. తిప్పి చూస్తే వేలిముద్ర.

"ఈ కాగితాలు ఎక్కడివి?" అని బండి అతన్ని అడిగాను.

"పాత పేపర్ల కొట్లో కొన్నానమ్మా. ఏం, ఏమైంది?"

చూపిస్తే అతనికీ ముఖం పాలిపోయింది. మిగిలిన కట్ట మొత్తం నా చేతిలో పెట్టేశాడు. అక్కడే నిలబడి ఒక్కొక్కటే తిరగేశాను. పదకొండోది పిన్నిది. నా దాకా వచ్చేలోపు అది ఎన్ని చేతులు మారిందో, ఎవడు నంబరు రాసుకున్నాడో.

ఇంటికెళ్లి ఆమె ముందు పెట్టాను. తప్పు నాదేనన్నాను. ఆమె కాగితం మీద వేలిముద్రను చూస్తూ, "రేపు నువ్వు సెలవు పెట్టు" అంది.

మర్నాడు ఇద్దరం మేనేజరు దగ్గరికెళ్లాం. కట్ట బల్ల మీద పెడితే అతను కుర్చీలోంచి కదల్లేదు.

"ఆఫీసు శుభ్రం చేస్తుంటే పొరపాటున పోయుంటాయి. అయినా ఇందులో అంత దాచుకోవాల్సిందేముందమ్మా? తప్పుడు పనులు చేసేవాళ్లకే ఈ భయం."

నాకు ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే పిన్ని అందుకుంది.

"అయితే మీ ఇంట్లో ఆడవాళ్ల కార్డు కూడా ఇవ్వండి సార్. ఫోన్ నంబరు రాసి ఇవ్వండి. ఆ బండి మీదే పెట్టి వస్తాం."

"మాటలు జాగ్రత్త. రేపటి నుంచి పనిలోకి రావద్దు."

"మీరు రమ్మన్నా రాను" అంది పిన్ని.

అక్కణ్నుంచి పోలీస్ స్టేషన్‌కి వెళ్లాం. అంతా చెప్పాక అక్కడ రాసుకునే ఆయన తలెత్తకుండా, "ఆధార్ జిరాక్స్ జత చేయండి" అన్నాడు. నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. దొంగల్ని పట్టుకోవడానికి కార్డు కావాలంటారు, అర్థం చేసుకుంటాను. రేషన్‌కి, గ్యాసుకి, స్కూలుకి కావాలంటారు, ఇస్తూనే ఉన్నాం. ఇచ్చిన కాగితాన్ని బీరువాలో పెట్టి తాళం వేసే బాధ్యత ఒక్కడికీ లేదా? మా ముఖాలూ మా ముద్రలూ మా బతుకు వివరాలూ అంత చవకా?

పిన్ని జిరాక్స్ ఇచ్చింది. ఇచ్చే ముందు నాచేత దాని మీద అడ్డంగా, "ఈ ఫిర్యాదు కోసం మాత్రమే" అని రాయించి, తేదీ వేయించి, సంతకం చేసింది. ఆయన విసుక్కున్నాడు గానీ తీసుకున్నాడు.

ఫోన్లు చేసినవాణ్ని ఎవరూ పట్టుకోలేదు. పిన్ని ఫోన్ నంబరు మార్చుకుంది. కార్డు మీద నంబరుని, వేలిముద్రని మార్చుకునే దారి ఆమెకు ఎవరూ చూపించలేదు. ఇప్పుడు వేరే చోట తొడిమలు తీస్తోంది. అక్కడా మొదటి రోజే కార్డు అడిగారు. "ఈ పని కోసం మాత్రమే" అని అడ్డంగా రాసిన కాగితం చెల్లదని వాచ్‌మన్ అంటే, ఎందుకు చెల్లదో చెప్పేవాళ్లని పిలవమని గేటు దగ్గరే కూర్చుందట. ఆమెతో వెళ్లిన ఆడవాళ్లు కూడా ఒక్కొక్కరే వచ్చి పక్కన కూర్చున్నారు. పదింటికి ఆ కాగితమే తీసుకుని అందరినీ లోపలికి రానిచ్చారట.