రన్‌వే మీద ఉలవలు

అరవై ఎనిమిదో సంవత్సరం, మాఘమాసం. మధ్యాహ్నం దాటింది, ఎండ చురుక్కుమంటోంది. పొద్దున తాగిన గంజి అరిగిపోయి ఉలవలకు కాపలా ఉన్న సోములు కడుపు నకనకలాడుతోంది. విజయనగరం అవతల, యుద్ధం నాటి పాత రన్‌వే మీద ఊరివాళ్ళు ఉలవలు ఆరబోసుకునేవారు. బళ్ళు తొక్కకుండా చుట్టూ రాళ్ళు పేర్చేవారు. అక్కడ విమానం దిగడం ఎవరూ ఎరగరు.

ఆ రోజు ఇంజను చెడిన చిన్న విమానం ఒకటి దిగింది. సోములు పేర్చిన రాళ్ళకు చక్రం తగిలి బోల్తా కొట్టింది. పైలట్ కాలు నుజ్జయింది.

అధికారులు వచ్చేలోగా బావమరిది అప్పలసూరి ఆ రాళ్ళను తుప్పల్లోకి విసిరేశాడు. "నోరిప్పినావంటే ఊరంతా జైలుకెల్తాది బావా!"

జీపులో వచ్చిన అధికారి అడిగాడు. "రాళ్ళు తగిలాయంటున్నాడు పైలట్. నిజమేనా?"

"రాళ్ళేటి బాబూ? నానేటీ సూడ్నేదు."

స్ట్రెచర్ మీద కుర్ర పైలట్ తల తిప్పి సోములునే చూశాడు. సోములు తల దించుకున్నాడు.

తప్పంతా పైలట్‌దేనని తేల్చి ఉద్యోగం తీసేశారని కబురొచ్చిన రోజు, పెళ్ళాం జగ్గమ్మ ఉలవచారు కాచింది. కంచంలో సోములుకి స్ట్రెచర్ మీది కుర్రాడి చూపే కనబడింది.

"ఏటలా సూస్తన్నావు? ఉలవల్లో రాళ్ళున్నాయేటి?" అని నవ్వింది జగ్గమ్మ.

సోములు చెయ్యి కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని బయటికి నడిచాడు. బీడీకి వెళ్ళాడనుకుంది జగ్గమ్మ. మళ్ళీ ఎన్నడూ ఇంటికి రాలేదు.