డొల్లగా మోగిన టైలు

తూనికలూ కొలతల శాఖలో ముప్పయ్యేళ్లు ఇన్‌స్పెక్టరుగా చేసిన మనిషికి ఎవర్నీ నమ్మకపోవడం ఉద్యోగంతో పాటు వచ్చిన జబ్బు. రిటైరై ఉద్యోగం వదిలినా జబ్బు వదల్లేదు.

పడకగది బాత్రూమును కొత్తగా చేయిద్దామని భార్య అన్నప్పుడే ఆయనకు అనుమానం వచ్చింది. ఆ వెలిసిపోయిన గులాబీ టైల్సునూ, తుప్పు పట్టిన షవరునూ ఇన్నేళ్లూ నోరెత్తకుండా భరించిన మనిషికి హఠాత్తుగా హోటలు గదిలాంటి బాత్రూము ఎందుకు?

"హాయిగా ఉంటుందండీ," అందావిడ. ఎంత కూపీ లాగినా అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.

ఆయన దగ్గరా ఒక గుట్టుంది. కొన్నాళ్లుగా స్నానం చేస్తుంటే కళ్లు తిరుగుతున్నాయి. ఆ సంగతి తెలిస్తే తలుపు వేసుకుని ఒంటరిగా స్నానం చేయనివ్వరని భయం. అందుకే ఎవరికీ చెప్పలేదు.

టైల్స్ మేస్త్రీ వచ్చిన రోజు నుంచి ఇన్‌స్పెక్టరుగారు గుమ్మంలో స్టూలు వేసుకుని కాపలా కాశారు. సిమెంటు బస్తా తూకం వేయించారు. నేల వాలు సరిగ్గా ఉందో లేదోనని గోళీ దొర్లించి చూశారు. మేస్త్రీ పళ్లు నూరుకుంటూనే పని చేశాడు. అయితే ఆవిడా మేస్త్రీ గుసగుసలాడుకోవడం, తనని చూడగానే గప్‌చుప్ అయిపోవడం రెండుసార్లు ఆయన కంటబడింది. ఇద్దరూ కలిసి తన కళ్లలో దుమ్ము కొడుతున్నారని ఆయన ఖాయం చేసుకున్నారు.

పని చివరికొచ్చాక రూపాయి బిళ్లతో ఒక్కో టైలూ తట్టుకుంటూ పోయారు. షవరు పక్కన, తన భుజమంత ఎత్తులో, ఒకటి డొల్లగా మోగింది.

"దొరికావయ్యా! దీని వెనక సిమెంటు ఏదీ?"

మేస్త్రీ తాపీ కింద పెట్టాడు. "అమ్మగారే ఆగమన్నారండి."

ఆయన గోరుతో లాగితే టైలు ఊడి చేతిలోకి వచ్చింది. వెనక గోడకి రెండు కన్నాలు తొలిచి ఉన్నాయి.

"పట్టుకునే కడ్డీకండి. మీరు ఒప్పుకునేదాకా ఊరికే మూసి ఉంచమన్నారు."

"ఎవరికి కడ్డీ?" అన్నారాయన. గొంతులో మునుపటి జోరు లేదు.

వెనకనుంచి ఆవిడ పలికింది. "మీకే. స్నానం మధ్యలో నీళ్ల చప్పుడు ఆగిపోతుంది. మళ్లీ వినబడేదాకా తలుపు బయట అంకెలు లెక్కపెట్టుకుంటూ నిలబడతాను. నాలుగు నెలలనుంచీ ఇదే పని."

ఆయనకు ముందు కోపం వచ్చింది. ఆ వెంటనే, నాలుగు నెలలు ఆవిడ పడ్డ భయం తలచుకుంటే సిగ్గేసింది. గోడమీద ఆ కన్నాలకి కిందుగా చెయ్యి ఆనించారు.

"ఇంకో జానెడు కిందికి పెట్టవయ్యా," అన్నారు మేస్త్రీతో. "కళ్లు తిరిగినప్పుడు నేను వంగిపోతాను."