బాబురావన్న బరువు

బాబురావన్న ఆఖరిసారి మునిగింది హుస్సేనీ ఆలంలోని చాయ్ హోటల్లో, గల్లాపెట్టె పక్క బల్ల దగ్గర. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయాడు. గడ్డం పైకి లేచింది, నోరు తెరుచుకుంది, రెండు చేతులూ పక్కలకు చాచి లేని నీళ్లను కిందికి నొక్కసాగాడు. నేను పేపర్లో సాహిత్యం పేజీ చదువుకుంటున్నాను. తలెత్తేసరికి ఆలస్యమైంది.

"నేను పోయిన తమ్మీ," అన్నాడు, ఉస్మానియా బిస్కెట్‌ను చాయ్‌లో ముంచుతూ. "ఇయ్యాల చాయ్ నీదే."

ఆ వారంలోనే నిద్రలో నిజంగా పోయాడు. చప్పుడు చెయ్యకుండా, తను చెప్పిన పాఠం ప్రకారమే.

ఆయనకున్న పిచ్చి అదొక్కటే. ఎక్కడపడితే అక్కడ మునిగేవాడు. మేం ఆయన దగ్గర ఈత మాస్టర్లం కావడానికి చేరినవాళ్లం. మొదటిరోజే చెప్పేశాడు: "ఈత మస్తు మందికొస్తది. మునిగేటోన్ని చూసుడే రాదు. సినిమాల లెక్క వాడు అరవడు. నోట్ల నీళ్లుంటే ఏం అరుస్తడు? గది కనిపెట్టనోడు మాస్టరెట్లయితడు?" అందుకని బస్సులో, రేషన్ షాపు లైన్లో, మంగలి కుర్చీలో హఠాత్తుగా మునిగేవాడు. మనం వెంటనే భుజం పట్టుకోవాలి. పట్టుకోకపోతే ఆయన పోయినట్టు, చాయ్ పైసలు మనవి. నా చేతిలో ఆయన పోయినన్నిసార్లు ఇంకెవరి చేతిలోనూ పోలేదు.

ఒకసారి చుట్టాల పెళ్లిలో స్టేజీ మీద ఫొటో దిగుతూ మునిగాడు. కింద భోజనాల దగ్గర నేనున్నానని. పెళ్లికొడుకు తండ్రి ఫిట్స్ అనుకుని ఆయన చేతిలో తాళాలగుత్తి పెట్టాడు. అన్న ఆ గుత్తితోనే నా విస్తరి దాకా నడిచివచ్చి, తను పోయిన సంగతి చెప్పి, వెనక్కి వెళ్లి ఎవరి తాళాలు వాళ్లకిచ్చాడు.

నేను తెలుగు పంతుల్ని. మా ప్రైవేటు స్కూలువాళ్లు తెలుగు పీరియడ్లు తగ్గించి, అదే ఊపులో ఈతకొలను కట్టారు. ఈత మాస్టరుగా పాసై వస్తే ఉద్యోగం ఉంటుందనీ, లేకపోతే వేరేచోట చూసుకోమనీ చెప్పారు. సముద్రం మీద నేను ఎంతసేపైనా ఉపన్యసించగలను. స్నానాల గదిలో మాత్రం బకెట్‌ను చూసి కొంచెం దూరంగా నిలబడేవాణ్ణి. మా ఆవిడ స్వరూప నా సంచిలోంచి పద్యాల పుస్తకం తీసేసి ఈత చెడ్డీ పెట్టింది. ఆమె ఒక్క మాట కూడా అనలేదు. అందుకే భయమేసింది.

బాబురావన్న నల్లా నీళ్ల ఆఫీసులో రిటైరై, బహదూర్‌పురాలో ఒక పాత కొలనులో నేర్పేవాడు. కొన్ని నెలల్లో ఎలాగో ఈదడం వచ్చింది. పరీక్షలో అసలు ఘట్టం వేరే. మునిగే మనిషిని లోతు వైపు నుంచి గట్టుకు లాక్కురావాలి. మునగడానికి అన్న ఉండనే ఉన్నాడు. కాకపోతే ఆయన బేగంబజార్‌లో రెండు బియ్యం బస్తాలు కలిపి కుట్టినట్టుండేవాడు. నేను గడ్డం కింద చెయ్యేసి లాగితే ఇద్దరం కలిసి అడుక్కి వెళ్లేవాళ్లం. అక్కడినుంచి మునిగినాయనే నన్ను పైకి తెచ్చేవాడు.

"ఏంది తమ్మీ, నన్ను బతికిస్తున్నవా, నాకు తోడొస్తున్నవా?"

పరీక్ష రోజు మునగడానికి ఎవరొస్తారని అడిగారు. గట్టు మీద బక్క కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లందరి వెనకనుంచి అన్న చెయ్యెత్తాడు. నా నౌకరీ ఆ చేతి కిందే మునిగిందనుకున్నాను. కళ్లు మూసుకుని లాగాను. ఆశ్చర్యం, కొబ్బరిబొండంలా తేలుతూ వచ్చేశాడు. గట్టు తలకి తగిలితేగాని చేరినట్టు తెలియలేదు.

"గొంతు పిసికినవ్ గని, బతికిన," అన్నాడు అన్న.

ఆ తర్వాత స్టాఫ్‌రూములో చాలా రోజులు చొక్కా చేతులు పైకి మడుచుకుని తిరిగాను.

మరుసటి ఆదివారం నుంచి అన్న, ఎవరూ పిలవకుండానే, మా స్కూలు కొలనుకొచ్చి మునగసాగాడు. పిల్లలు కొలనులో దిగడానికి ఇంకా చాలా నెలలున్నాయి. చిత్రంగా ఆయన మళ్లీ బరువెక్కాడు. మళ్లీ ఇద్దరం అడుక్కి. కారణం నాకు వెంటనే తట్టింది: నేను పాసైనందుకిచ్చిన దావత్, అందులో బిర్యానీ. వాళ్లింటికి వెళ్లి ఆయన భార్య నీలమ్మ వదినకు చెప్పాను, అన్న బాగా బరువయ్యాడు, జర తిండి తగ్గించమని. అన్న నా వైపు ఒకసారి చూసి, గోడకున్న క్యాలెండరు చదవసాగాడు. నేను వీలైనప్పుడల్లా వెళ్లి ఆయన పళ్లెం తనిఖీ చేసేవాణ్ణి. ఏడాది తిరిగేసరికి ఆయన్ని గట్టుకు తేగలిగాను. పథ్యం బాగా పనిచేసిందని వదినను మెచ్చుకున్నాను కూడా.

తర్వాతొక రోజు స్కూల్లో పిల్లలు అరుస్తూ నీళ్లు చల్లుకుంటుంటే, మూలన శ్రీహిత అనే పిల్ల మాత్రం అరవడం లేదు. గడ్డం పైకి లేచి ఉంది. నేనెప్పుడు దూకానో నాకు తెలియదు. ఆ పిల్లకసలు బరువే లేదు.

సాయంత్రం అన్నకు చెప్పాను. పిల్ల అరిచిందా అని మాత్రం అడిగాడు. లేదన్నాను. ఆ రోజు చాయ్ ఆయనే తాగించాడు.

ఆయన పోయిన పదకొండో రోజు వాళ్లింటికి వెళ్తే, దండ వేసిన ఫొటోలో అన్న మునుగుతున్నాడు. అదే పెళ్లి ఫొటో. ఇల్లంతా వెతికినా మునగని ఫొటో దొరకలేదట. పాట పాడుతున్నాడనుకుని వచ్చినవాళ్లు దండం పెడుతున్నారు.

ఆ పాడు బరువు ముచ్చట నేనే ఎత్తాను. పరీక్షనాడు ఎంత తేలిగ్గా వచ్చాడో, తర్వాత బిర్యానీ ఎంత పని చేసిందో. నీలమ్మ వదిన కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

"గా దినం ఇంటికొచ్చి పిక్కలకు నూనె రాయమన్నడు సారూ. నీళ్ల కిందికెల్లి గట్టు దాంక కాళ్లు కొట్టుకుంటనే వచ్చిండట. మునిగినోడివి నువ్వెందుకు ఈదినవంటే, 'నౌకరీ పోతే తమ్మి మళ్ల నీళ్లల్ల దిగడు. ముందుగాల పాస్ కానీ, గుంజుడు నేను నేర్పుత' అన్నడు."

"మరి తర్వాత బరువెక్కింది?"

"బరువేడిది? కాళ్లు కొట్టుడు బంద్ పెట్టిండు."

ఫొటోలోని తెరిచిన నోటివైపు చూశాను. మరి ఆ పథ్యం ఎందుకు తిన్నాడని అడిగాను.

"అసలు ముచ్చట చెప్తే నీ దిల్ పడిపోతదని. నువ్వు ఏ పూటొచ్చి పళ్లెం చూస్తవో తెల్వదాయె, రెండు పూటలా జొన్న రొట్టెనే చెయ్యమన్నడు." ఫొటో మీద దండ సరిచేసింది. "ఆయనకు జొన్న రొట్టె చిన్నప్పటి సంది పడది సారూ."