పదకొండు ఇంటూ గుర్తులు

పోయిన నెల కోరుట్లల మా ఆడిబిడ్డ ఇంటికి పోయిన. పొద్దటి చాయ్ తాగుడు కాంగనే టీవీ పెట్టిండ్రు. ఏదో దూరదేశం అధ్యక్షుడు ఎన్నికల ప్రచారంల తప్పు చేసిండా లేదా అని విచారణ నడుస్తున్నదట. మా ఆడిబిడ్డ పెనిమిటి ఇరవై ఏండ్లు దుబాయిల పనిచేసి వచ్చిన మనిషి, నేను అన్న అని పిలుస్త. ఆయన సోపతి, పక్కింటి రిటైర్డ్ సారు, రోజు పొద్దుగాల చాయ్‌కి వస్తడు. అన్నేమో కావాలని ఇరికిచ్చిండ్రు అంటడు. సారేమో నిప్పు లేంది పొగ రాదు అంటడు. ఇద్దర్ల ఒక్కలు గా దేశం మొఖం చూడలే, గా విచారణ కాయితం ఒక్కటి చదవలే. పది నిమిషాల్ల సారు కప్పు సగంల పెట్టి, చెప్పులేసుకొని పోయిండు. మా ఆడిబిడ్డ ఉప్మా గిన్నె పట్టుకొని నిలబడి "గా ప్రెసిడెంటు వచ్చి మీకు ఉప్మా పెడ్తడా?" అని అడిగింది. ఇంట్లోళ్లంత నవ్విండ్రు. నాకు నవ్వు రాలే. ప్రెసిడెంటు, ప్రచారం, విచారణ, గీ మూడు మాటలు ఒక్క దగ్గర వినబడ్డయంటే నాకు సిరిసిల్లల మా గల్లీ, మా బాపు, గా మంగళారం యాదికొస్తయి.

మా బాపు వార్పిన్ కార్మికుడు. వేల నూలు పోగులను వరుస తప్పకుండ భీము అనే పెద్ద రోలరుకు చుట్టుడు ఆయన పని. గా భీము ఎక్కితెనే సాంచ నడుస్తది. మరమగ్గాన్ని మా దగ్గర సాంచ అంటరు. భీము రాకుంటే సాంచ బందు, సాంచ బందయితే పొయ్యి బందు. బాపు ఎక్కువ మాట్లాడేటోడు కాదు. దినమంత పోగులు తెగకుండ చూసే మనిషికి మాట కూడ తెగుతదేమోనని భయమని మా అవ్వ అంటుండె. కాని ఆయన చేతిరాత ముత్యాల లెక్క ఉండేది. గల్లీల ఎవరింట్ల పెండ్లయినా కార్డుల మీద పేర్లు రాసేది బాపే. పింఛను దరఖాస్తు, కరెంటు ఆఫీసుకు అర్జీ, అన్నీ మా ఇంటికే వచ్చేటివి. ఆయన రాసిన దరఖాస్తు ఆఫీసుల ముందుగాల చదువుతరని ఒక నమ్మకం. పని అయ్యేదా కాదా అన్నది వేరే ముచ్చట.

బాపుకు ఏడేండ్లు పెద్ద మా పెద్దబాపు. ఎదురు వరుసల ఇల్లు. బాపు చిన్నగున్నప్పుడే మా తాత పోతే తమ్మున్ని సాకింది ఆయనే, నూలు పట్టుడు నేర్పింది ఆయనే. గొంతు పెద్దది. ఆయన దగ్గితే మూడు గల్లీలకు తెలిసేది. మా నేత కార్మికుల సంఘానికి రెండోసారి ప్రెసిడెంటుగ నిలబడ్డడు. చెడ్డ మనిషి అని నేను ఇప్పటికీ అనను. దవాఖానకు పోవాలంటే ముందుగాల ఆటో పట్టుకొచ్చేది ఆయనే. ఎదుటి దిక్కు పోటీల పెద్ద తలకాయ ఎవరంటే మా అవ్వ తమ్ముడు, మా మామ. ప్రతి ఐతారం మా ఇంట్ల అన్నం తినేటోడు, మా బాపుతోని పరాచికాలాడేటోడు. గట్ల మా అవ్వకు ఒక దిక్కు పెనిమిటి అన్న, ఇంకో దిక్కు సొంత తమ్ముడు. ఎవరు గెలిచినా నా కూరల ఉప్పు ఎక్కువైందనే అంటరు అని నవ్వేది. గప్పటికి నవ్వేంత సందు ఉండె.

ప్రచారం నడుస్తున్న దినాల్ల ఒక పగటీలి పెద్దబాపు పొడుగు నోటుబుక్కు పట్టుకొని వచ్చి, సభ్యుల పేర్లు ఇంటింటివి చెప్తుంటే బాపు రాసిండు. కొన్ని పేర్ల కాడ ఆగి "గీ పేరుకు ఇంటూ పెట్టు" అన్నడట. మళ్లొకసారి పోయి ఓటు అడగాల్సిన ఇండ్లేమో అనుకున్నడు బాపు. పదకొండు ఇంటూలు పడ్డయి. ఏ ఇంటికి భీము పోవాల్నో సంఘమే చెప్పేది. వారం తిరిగేసరికి గా పదకొండు ఇండ్లకు భీములు పోవుడు బందయింది. అడిగితే నూలు రాలే అన్నరు. నూలు వచ్చిందని అందరి కంటె ఎక్కువ ఎరిగినోడు మా బాపే, ఆయన చేతుల మీది నుంచే పోతది కాబట్టి. ఒకసారి అన్నను అడిగిండు. "ఎన్నికలు కానీ తమ్మీ, అన్నీ సక్కగైతయి" అన్నడు పెద్దబాపు. బాపు ఇంక అడగలే. "నా తప్పు గక్కడనే మొదలయింది" అని తర్వాత ఆయనే నాతో అన్నడు.

పెద్దబాపు గెలిచిండు, కాని కొద్ది ఓట్లతోని. పది దినాలకే ఫిర్యాదు పడ్డది. ఎవరో సంఘం ఆఫీసుల నోటుబుక్కును ఫోన్ల ఫొటో తీసిండ్రట, దాని కాపీ ఫిర్యాదుకు జతచేసి పంపిండ్రు. మంగళారం విచారణ అధికారి వస్తదని నోటీసు వచ్చింది. ఇంక మా గల్లీల మనుషులు మనుషుల్లెక్క లేకుండె. అధికారి ఇంకా ఫైలు కూడ తెరవలే, తీర్పులు అప్పుడే అయిపోయినయి. పెద్దబాపు దిక్కోళ్లు నోటుబుక్కే అబద్ధమన్నరు, గెలుపు ఓర్వలేక చేసిన కుట్ర అన్నరు. మామ దిక్కోళ్లు, కాపీల ముప్పై ఎనిమిది ఇంటూలున్నయి, గన్ని ఇండ్ల పొయ్యిలు ఆర్పిండన్నరు. రెండు చాయ్ హోటళ్లు రెండు పార్టీలయినయి. ఒక హోటల్ చాయ్ తాగినోడు ఇంకో హోటల్ దిక్కు సూడకుండ పోయేది. ఒక ఇంట్ల పిల్లకు పేరు పెడ్తుంటే అన్నం బంతులు రెండుగ కూసున్నయి, పాపం గా పిల్ల ఏ పార్టీనో దానికే తెల్వది. నల్ల కాడ ఏండ్లసంది కలిసి నీళ్లు పట్టుకున్న ఆడోళ్లు బిందెలు ఎడంగ పెట్టుడు మొదలుపెట్టిండ్రు.

నేను గప్పుడు జగిత్యాలల బడిల టీచర్ను. అవ్వ ఫోన్ చేసి, "నువ్వు రా బిడ్డా, మీ బాపు అన్నం తింటలేడు" అన్నది. సెలవు పెట్టి బస్సెక్కిన. నేను ఇంటికి పోయేసరికి పెద్దబాపు వాకిట్ల కుర్చీల కూసొని ఉన్నడు. నన్ను చూసి కూడ మంచిగున్నవా అనలే. బాపుతోని ఒక్కటే మాట అన్నడు. "గా రాత నాది కాదను. గంతే. నిన్ను సాకిన దానికి నేనింక ఏమీ అడగ." పెద్దబాపు పోయిన గంటకు మామ వచ్చిండు.

"బావా, రాత నాదే అను. ఇంటూలు ఎన్నని గా ఆఫీసరమ్మ అడగదు, నువ్వు చెప్పకు" అన్నడు మామ.

బాపు కాపీ చూపియ్యమన్నడు. అద్దాలు పెట్టుకొని ఒక్కొక్క పేరు మీద వేలు పెట్టుకుంట కిందికి పోయిండు. శానసేపు పట్టింది. తర్వాత కాయితాన్ని మామ ముంగట పెట్టి, "పదకొండు నావి. మిగిలినయి నావి కావు. ఎవరు పెట్టిండ్రు?" అన్నడు. మామ కాయితం మడత పెట్టి జేబుల పెట్టుకున్నడు. నాకు తెల్వదు బావా అన్నడు గని, అవ్వ దిక్కు చూడలేకపోయిండు. అవ్వ వంటింటి దర్వాజ కాడ నిలబడి ఉన్నది. తమ్మునికి చాయ్ తెచ్చిన గ్లాసు ఆమె చేతులనే ఉండిపోయింది.

గా పొద్దుమూకి నేను చేసిన పని చెప్పాలె, లేకుంటే గీ రాసుడంత ఉత్తది. నేను కూడ ఆయనకు అబద్ధమే నేర్పిన. "యాదికి లేదు అను బాపూ. వయసు మీదపడ్డది, నమ్ముతరు. ఎవలకు చెడ్డ కావు" అన్న. బాపు నా మొఖం చూసి, "బడిల పిల్లలకు గిట్లనే చెప్తున్నవా బిడ్డా?" అని అడిగిండు. కోపంల అడగలే, నిజంగనే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగిండు.

మంగళారం నాడు మా గల్లీల సాంచలు బందు పెట్టిండ్రు. పుట్టినకాడినుంచి పగలంత గా చప్పుడుల పెరిగినోళ్లం, అది ఆగితే చెవులల్ల ఏదో గుయ్యిమంటది. సంఘం రేకుల షెడ్డుల ఒక దిక్కు వీళ్లు, ఒక దిక్కు వాళ్లు నిలబడ్డరు. నడుమ టేబులు, దాని ఎనుక అధికారి. నడీడు మనిషి, మెల్లగ మాట్లాడుతది. బాపును పిలిచి, అసలు నోటుబుక్కు ముందర పెట్టి, ఈ రాత ఎవరిదని అడిగింది.

"నాదేనమ్మా. మా అన్న చెప్పంగ రాసిన. గీ పదకొండు ఇంటూలు కూడ నేనే పెట్టిన. గవి పెట్టినంక గా ఇండ్లకు భీములు పోలే."

పెద్దబాపు దిక్కు నుంచి ఒక గొణుగుడు లేచింది. ఎదుటి దిక్కు ఎవరో చప్పట్లు కొట్టబోయిండ్రు. బాపు ఇంకా అయిపోలే. కాపీని వేలితోని జరిపి, "గీ కాయితంల ముప్పై ఎనిమిది ఉన్నయి. గా ఇరవై ఏడు నావి కావమ్మా. ఎవరో కలిపిండ్రు" అన్నడు. చప్పట్లకు లేచిన చేతులు గట్లనే దిగిపోయినయి. పెద్దబాపు తమ్మున్ని చూసిన చూపు నేను చూసిన. కోపం కంటె ముందుగాల గా చూపుల ఏదో తెగినట్టు అనిపించింది. షెడ్డు బయటికి వచ్చి ఇరవై అడుగులన్న నడవలే, ఒకడు అన్నకు ఎన్నుపోటు పొడిచిండన్నడు, ఇంకొకడు ప్రెసిడెంటుకు అమ్ముడుపోయిండన్నడు. బాపు నా చెయ్యి పట్టుకున్నడు.

కొన్ని నెలలకు రిపోర్టు వచ్చింది. ఓట్ల కోసం పని ఆపింది నిజమే అని మొదటి పేజీల, కాపీల గుర్తులు కలిపింది నిజమే అని రెండో పేజీల ఉన్నదట. ఎన్నిక రద్దయింది. గా సాయంత్రం రెండు దిక్కుల పటాకులు కాల్చిండ్రు. ఎవరికి పనికొచ్చే పేజీ వాళ్లు చదువుకున్నరు. రెండు పేజీలకు కారణమైన మనిషి మాత్రం ఇంట్ల కూసున్నడు. వార్పిన్ కార్ఖానాయన, కొన్ని దినాలు ఇంటికాడ ఉండమన్నడు. గా కొన్ని దినాలు ఎప్పుడు అయిపోతయో చెప్పలే. కడకు బాపు రోజూ బస్సుల కోనరావుపేటకు పోయి, వడ్ల సెంటర్ల సంచుల మీద రైతుల పేర్లు రాసే పని చేసిండు. గా యేటి రాఖీ పున్నానికి అవ్వ తమ్మునింటికి పోతే, మామ చెయ్యయితే చాపిండు గని టీవీ మీదికెల్లి చూపు తిప్పలేదట. ఇంటికొచ్చిన అవ్వ పట్టుచీర మడత పెట్టి, పట్టపగలు ముసుగుతన్ని పండుకున్నది. పెద్దబాపు మళ్ల పోటీ చెయ్యలే. ఎదురింట్ల ఉండి కూడ మాతో మాట్లాడలే. ఆయన దగ్గు మాత్రం మాకు వినబడుతుండె. వినబడ్డప్పుడల్ల బాపు కంచంల చెయ్యి ఆగేది.

గట్ల నాలుగేండ్లు పోయినయి. ఒక ఐతారం నేను ఇంటికాడనే ఉన్న. పెద్దబాపు మా గడప ముందల నిలబడ్డడు. మనిషి సగమైండు, చేతిల కట్టె. "తమ్మీ, అంగేసుకో. ఒకింటికి పోవాలె" అన్నడు. బాపు ఎందుకని అడగలే. వాళ్ల ఎనుక నేను కూడ పోయిన. పెద్దబాపు ఇంటికి నాలుగిండ్ల అవుతల రెండు సాంచలు పెట్టుకొని బతుకుతున్న ఒకామె ఉంటది, పెనిమిటి లేడు, చిన్న బిడ్డ ఉన్నది. గా పదకొండు ఇండ్లల్ల ఆమెది ఒకటి. మమ్ములను చూసి ఆమె లోపలికి పోయి సాంచ ఆపి వచ్చింది, మాట వినబడాలని.

పెద్దబాపు కూసోలే. "రాసింది వీడు, రాయించింది నేను. తప్పు నాది" అన్నడు.

ఆమె నిన్నటి ముచ్చట చెప్తున్నట్టు చెప్పింది. "పదిహేను దినాలు సాంచలు బందున్నయి పెద్దయ్యా. నా బిడ్డ గా చప్పుడు లేకుంటే పండుకోదు. పగటీలి అది ఏడుస్తుంటే పోగు లేకుంటనే ఉత్త సాంచ ఆడిచ్చి పండుకోబెట్టిన. కరెంటు కాలుతదని తెలిసి కూడ." ఆగి, పెద్దబాపు మొఖం చూసింది. "నన్ను ఓటు అడిగితే మీకే ఏస్తుంటి. అడగలే మీరు. అడగకుంటనే ఇంటూ పెట్టిచ్చిండ్రు."

పెద్దబాపు కట్టె మీద రెండు చేతులు పెట్టి తల వంచిండు. మా బాపు మెల్లగ ఆయన భుజం పట్టుకున్నడు. ఆమె రెండు గ్లాసుల నీళ్లు తెచ్చి ఇచ్చింది. అన్నదమ్ములు తాగిండ్రు. మాఫ్ చేసిననని ఆమె అనలే, వీళ్లు అడగలే. గా నెలల మిగిలిన పది ఇండ్లకు కూడ ఇద్దరు కలిసే పోయిండ్రు. కొందరు కుర్చీ ఏసిండ్రు, ఒకాయన దర్వాజ తియ్యలే. మామ కూడ తర్వాత తర్వాత ఐతారాలు వచ్చుడు మొదలుపెట్టిండు. గా ఇరవై ఏడు ఎవరు కలిపిండ్రో ఇప్పటిదాక చెప్పలే, మా అవ్వ అడగలే, కూర మాత్రం ఏస్తది.

ఇప్పుడు పెద్దబాపు లేడు. మొన్న సిరిసిల్ల పోయినప్పుడు, ఎందుకో తెల్వది, ఆయన గడప కాడికెల్లి గా రెండు సాంచల ఇంటి గడప దాక నడిచి చూసిన. సరిగ్గ నలభై అడుగులు. గంత దూరం నడవనీకి మా పెద్దబాపుకు నాలుగేండ్లు పట్టింది.