ముందు బ్యాగు, తర్వాతే కౌగిలి

నాలుగేళ్ల క్రితం, జర్మనీకి వచ్చిన రోజే, హాంబర్గ్ స్టేషన్లో స్నేహితురాలిని కౌగిలించుకోవడానికి అనూహ్య బ్యాగు కింద పెట్టింది. తిరిగి చూసేసరికి లేదు. పాస్‌పోర్టు, సర్టిఫికెట్లు అన్నీ పోయాయి. వాటికోసం, ఆఫీసుల్లో టెర్మిన్ల కోసం, అంటే అపాయింట్‌మెంట్ల కోసం, ఏడాది తిరిగింది.

అప్పటినుంచి తన ఖమ్మం వైపు నుంచి ఏ విద్యార్థి దిగినా ప్లాట్‌ఫారం మీద ఆమె ఉండాల్సిందే. "ఏడుపులు, ఫొటోలు బయటికి పోయినంక! ముందుగాల బ్యాగు ముంగట తగిలించుకో!" అని గద్దిస్తుంది.

మొన్న సొంత చెల్లెలు మేఘన దిగింది. బ్యాగు పడేసి, చేతులు చాపి పరుగెత్తుకొచ్చింది. అనూహ్య ఆమెను దాటిపోయి బ్యాగు పట్టీ అందుకుంది.

"నాకన్న బ్యాగే ఎక్కువైందా అక్కా?"

రెండో పట్టీ మీద అప్పటికే ఎవరిదో చెయ్యి ఉంది. అనూహ్య ఒక్క గుంజు గుంజింది. ఆ చెయ్యి జనంలోకి జారుకుంది.

బ్యాగు ముందుకు తగిలించుకుని ఆమె చెల్లెలివైపు తిరిగింది.

"ఇప్పుడు రావే."