పసుపు పెట్టిన స్విచ్చి

ఆ రోజుల్లో మా అల్లూరికి కరెంటు కొత్త, నాకు పనీ కొత్త. గర్వం మాత్రం పాతదే. కావలిలో ఒక వైరింగు మేస్త్రీ దగ్గర కొన్నాళ్లు పని నేర్చుకుని (అంటే ఆయన ఎక్కిన నిచ్చెన పట్టుకుని) ఇంటికొచ్చేసరికి నేనే ఇంజనీరుననుకున్నాను. చెక్క బీరువాలో చీకటనీ, చీర కోసం చెయ్యి పెడితే బొద్దింక తగులుతోందనీ మా మేనత్త అంది. నాకంతే చాలు. తలుపు తీస్తే వెలిగి, మూస్తే ఆరిపోయే దీపం పెడతానన్నాను. తలుపు మూసినప్పుడు అది లోపలున్న బొత్తాన్ని నొక్కి దీపం ఆర్పాలి. బల్బు బట్టలకు జానెడు దూరంలో ఉండాలనీ, తలుపు మూసేటప్పుడు సందులోంచి చూసి దీపం ఆరిందని తేల్చుకోవాలనీ మేస్త్రీ చెప్పే ఉన్నాడు. నేను మాత్రం జరీ తళతళలాడాలని బల్బును చీరల పక్కనే బిగించాను. బొత్తాన్ని వేలితో నొక్కితే ఆరింది. వేలికి ఆరింది తలుపుకు ఆరదా అనుకున్నాను.

కొత్త వస్తువు ఏదొచ్చినా పసుపు కుంకుమ పెట్టనిదే అత్త వాడదు. స్విచ్చికీ పెట్టింది. మార్గశిరం చలి, ఆ సాయంత్రం పిల్లి వచ్చి బీరువాకు ఆనుకుని పడుకుంది. దానికి కూడా నా పని నచ్చిందనుకున్నాను (చెక్క వెచ్చబడిందని నాకేం తెలుసు). మర్నాటికి మాడు వాసన. తలుపు తీస్తే అత్త పెళ్లినాటి వెంకటగిరి చీరకు నడిమధ్య పెద్ద చిల్లు.

మామ స్విచ్చి మీద పసుపు చూసి, "అన్నిటికీ బొట్టు పెట్టేదేనా? పసుపు ఎండి బొత్తాం పట్టేసినాది. అబ్బయ్య పనిలో తప్పేముండాది?" అన్నాడు. అత్త నా వైపు చూసింది. మెయిను ఆపి స్విచ్చి విప్పుతున్న నాకు అప్పటికే అర్థమైంది. పసుపు బొత్తాం దాకా పోనేలేదు. అసలు మూసిన తలుపే దానికి అందడం లేదు, మధ్యలో వేలు పట్టేంత సందు. నోరు తెరిచాను, ఊరికే మూశాను.

అత్త పసుపుతో చీర కాల్చుకుందన్న కథ చుట్టాలందరికీ పాకింది. వాళ్లు నవ్వితే ఆమె కూడా నవ్వేది. కానీ ఆ తర్వాత ఏ ఇంటికి రేడియో వచ్చినా, కుట్టుమిషను వచ్చినా, పసుపు పళ్లెం ఇంకొకరి చేతికిచ్చి తను వెనక్కి జరిగేది.

నిరుడు మా ఇంటికి ఫ్రిజ్ వచ్చింది. తలుపు తియ్యగానే లోపల దీపం వెలిగింది, అత్త గుమ్మం దగ్గరే ఆగిపోయింది. పళ్లెం నేనే తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టి, అందరి ముందూ ఆ సందు సంగతి చెప్పాను. అత్త పళ్లెంలోని పసుపు వైపు చూసింది.

"అయితే నా పసుపు ఏం చెయ్యలేదా?"

"ఏం చెయ్యలేదత్తా."

వేలు పసుపులో ముంచి ఫ్రిజ్ దాకా వచ్చి, మళ్లీ ఆగింది. "బొత్తాం యాడుండాదో చూపించబ్బయ్యా, దానికి దూరంగా పెడతా."

చూపించాను. బొట్టు పెట్టాక, నెమ్మదిగా మూస్తున్న ఆ తలుపు సందులోకి ఇద్దరం తలలు ఆనించి చూశాం. చివర్లో దీపం ఆరింది. "ఆరింది," అంది అత్త తృప్తిగా. ఆ కుర్ర ఇంజనీరు అప్పుడొక్కసారి ఇట్లా వంగి ఉంటే, ఈ వయసులో నేనింత నడుం నొప్పితో వంగాల్సిన పని ఉండేది కాదు.